ఈ కథ ఎప్పుడు ముగుస్తుంది?

(విజయవాడ గాంధీనగర్‌లోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన పాఠకుల సమావేశంలో ఒక నాటక రచయిత చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసినది.)

అమ్మలకు, అయ్యలకు, వెనక బల్లల మీద ఇరుక్కుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా. ఇది క్లాసు కాదు, నేను ఎవరినీ లేపి ప్రశ్నలు అడగను.

టీవీలో, ఫోనులో వచ్చే కథల గురించి మాట్లాడమని ఈ గ్రంథాలయం వారు పిలిస్తే మొదట నమ్మలేదు. పుస్తకాల మధ్య నిలబడి సీరియళ్ల గురించి మాట్లాడడమా? తర్వాత కార్యదర్శి గారు అసలు సంగతి చెప్పారు. సాయంత్రం ఆరున్నర దాటితే చదివే గదిలో ఫ్యాన్లు కట్టేయవలసి వస్తోందట. పాఠకులంతా ఎక్కడికి వెళుతున్నారు? ఇంటికి. ఇంట్లో ఏమి చేస్తున్నారు? నవ్వుతున్నారు, అంటే మీకు తెలుసన్నమాట. కాబట్టి చూడవద్దని చెప్పడానికి నేను రాలేదు. అలాంటి ప్రసంగాలు మీరు చాలా విన్నారు, విని ఇంటికి వెళ్లి చూశారు. ఎలాగూ చూస్తాం కనుక దేన్ని మొదలుపెట్టాలి, దేని జోలికి పోకూడదు, అదొక్కటే మాట్లాడుకుందాం.

ఈ విషయం మాట్లాడడానికి నాకున్న అర్హత ఏమిటో చెప్పాలి కదా. నాటక పరిషత్తు పోటీలకు నాటికలు రాశాను. రేడియోకు నాటకాలు రాశాను. తర్వాత కొన్నేళ్లు హైదరాబాదులో ఉండి ఒక డైలీ సీరియల్‌కు మాటలు రాశాను. ఏ ఛానల్, ఏ సీరియల్ అని అడగకండి. చెబితే మీలో సగం మంది నన్ను తిట్టుకుంటారు, మిగతా సగం మంది ‘చివరికి ఆ కోడలు ఏమైంది?’ అని అడుగుతారు. ఏమైందో నాకూ తెలియదండీ. నేను వచ్చేసేటప్పటికి ఆమె ఆసుపత్రిలో ఉంది.

మీరు నవ్వారు గానీ, ఇవాళ నేను చెప్పదలచిన విషయం అదే. మాటలు రాసేవాడికి చివర తెలియదు. దర్శకుడికి తెలియదు. ఛానల్ వాళ్లకూ తెలియదు. ఎవరికీ చివర తెలియని కథను మనం రోజూ కూర్చుని చూస్తున్నాం. కథ మొదలుపెట్టే ముందు మనం ఏమి అడుగుతాం? ‘బాగుందా?’ అని అడుగుతాం. ‘హీరోయిన్ ఎవరు?’ అని అడుగుతాం. ఒక్కరైనా ‘ఎప్పుడు ముగుస్తుంది?’ అని అడుగుతారా? పెళ్లి భోజనానికి వెళ్లినా ఎన్నింటికి తెములుతుందో కనుక్కుని వెళతామే!

దూరదర్శన్ రోజుల్లో ఈ ప్రశ్న అవసరం ఉండేది కాదు. అక్కడ కథకు ముందే కొలత ఇచ్చేవారు, పదమూడు వారాలు. మూడు నెలలకు పదమూడు వారాలు కదా, ఆ లెక్క. బాగుంటే ఇంకో పదమూడు. 1984 జూలైలో హిందీ సీరియల్ ‘హమ్ లోగ్’ మొదలైంది, 1985 డిసెంబరులో ముగిసింది. మొత్తం 150 పైగా భాగాలు. ‘రామాయణం’ 52 భాగాలకు అనుకుని మొదలుపెట్టి, జనం వదలకపోతే 78 దాకా తీసుకెళ్లారు. 52 అంటే పదమూడు నాలుగులు, 78 అంటే పదమూడు ఆర్లు. ‘మహాభారతం’ 94 దగ్గర ఆగింది. కురుక్షేత్రం మరి ఎవరి లెక్కకూ లొంగదు.

‘రామాయణం’ పెంచినందుకు ఎవరికైనా కోపం వచ్చిందా? రాలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదు, ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎందుకు కోపం రాలేదంటే, కథ ఎటు వెళుతుందో అందరికీ తెలుసు. రావణుడు చస్తాడు, పట్టాభిషేకం జరుగుతుంది. దారిలో ఒక వారం ఎక్కువ నడిచినా ఊరు వస్తుందని నమ్మకం. ముప్ఫై రెండేళ్ల తర్వాత, 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే మళ్లీ చూశాం. ముగింపు తెలిసిన కథను రెండోసారి చూడగలం. ముగింపే లేని కథను రెండోసారి చూసిన మనిషిని నాకు ఒక్కరిని చూపించండి.

1995 ఫిబ్రవరిలో జెమిని వచ్చింది, ఆగస్టులో ఈటీవీ వచ్చింది. కొన్నేళ్లలో వారానికొకసారి వచ్చే కథ రోజూ రావడం మొదలైంది. ‘మొగలిరేకులు’ 2008లో మొదలై 2013లో ముగిసింది, 1300 పైగా భాగాలు. ‘కార్తీకదీపం’ 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది, 1500 పైగా. చాలదని 2024లో రెండో విడత మొదలైంది. వీటిని తక్కువ చేసి మాట్లాడడం లేదు. అన్ని సంవత్సరాలు అంతమందిని ఒకే సమయానికి కూర్చోబెట్టడం చిన్న విద్య కాదు, ఆ విద్యలో కూలి చేసినవాణ్ణి నేను. కానీ లెక్క మాత్రం చూడాలి. అరగంట స్లాటులో ప్రకటనలు, పాట తీసేస్తే కథ ఇరవై రెండు నిమిషాల దాకా ఉంటుంది. 1500ను 22తో హెచ్చవేయండి. 33,000 నిమిషాలు. అంటే 550 గంటలు. నిద్రాహారాలు మాని చూస్తే దాదాపు ఇరవై మూడు రాత్రింబవళ్లు. ఇంత సమయం అడిగే మనిషి ఇంటికి వస్తే, ‘బాబూ, ఎందుకు వచ్చావు, ఎన్నాళ్లు ఉంటావు?’ అని అడగమా?

లోపల ఏమి జరుగుతుందో చెబుతాను, మీకు ఎంపిక తేలికవుతుంది. వారానికొకసారి రేటింగులు వస్తాయి, ఏది ఎంతమంది చూశారో కొలిచే బార్క్ సంస్థ ఇప్పుడు గురువారం ఇస్తుంది. రేటింగు బాగుంటే కథ ఆగడానికి వీల్లేదు. బాగాలేకపోతే కథ మారాలి. రెండు సందర్భాల్లోనూ కథ తన దారిన తాను నడవడానికి లేదు. ఉదయం షూటింగుకు సీన్ పేపర్ సిద్ధంగా ఉంటుంది. అత్త వేషం వేసే ఆవిడ ఆ రోజు రాలేకపోయారు. సరే, అత్త తీర్థయాత్రకు వెళ్లింది అని రాసేస్తాం. ఆవిడ తిరిగి వచ్చేదాకా మిగతావాళ్లంతా ఆమె గురించి మాట్లాడుకుంటూ ఉండాలి. మా సీరియల్‌లో ఒక అత్తగారు కాశీలో ఎన్నాళ్లు ఉన్నారంటే, సెట్‌లో కుర్రాళ్లు ఆమెను గంగమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

ఇంకొకటి. చెంపదెబ్బ. నాటికలో చెంపదెబ్బ ఎంతసేపు? ఒక్క క్షణం. వేదిక మీద ఆ క్షణం తర్వాత వచ్చే నిశ్శబ్దం కోసం రచయిత పది పేజీలు రాస్తాడు. సీరియల్‌లో ఆ చెయ్యి మూడుసార్లు లేస్తుంది. తర్వాత గదిలో ఉన్నవాళ్ల ముఖాలు వరుసగా చూపిస్తారు. మామగారి ముఖం, తోడికోడలి ముఖం, వంటమనిషి ముఖం, ఒక్కొక్క ముఖానికీ ఒక్కొక్క ఉరుము. రియాక్షన్ షాట్లు అంటాం. అన్నీ అయ్యేసరికి రెండు నిమిషాలు గడిచాయి, రచయిత ఒక్క మాట రాయలేదు. మర్నాడు ‘నిన్నటి భాగంలో’ అంటూ అదే దెబ్బ మళ్లీ. బంధువులు వచ్చినకొద్దీ చారులో నీళ్లు పోస్తూ పోవడమే మా పని. చారు ఎవరూ చెడగొట్టాలనుకోరు. బంధువులు ఆగరు, అంతే.

మీరు అనవచ్చు, మధ్యలో చూడకపోతే కథ అందదు కదా అని. అందుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగింది, మన ఊళ్లో సింగ్ నగర్ మునిగింది. మీలో అక్కడివారు ఉన్నారు, ఆ రోజులు ఎలా ఉన్నాయో నేను చెప్పనక్కరలేదు. మా పెద్దమ్మ కూతురు అక్కడే ఉంటుంది. నీళ్లు పోయి, బురద ఎత్తి, ఇల్లు కడుక్కుని, టీవీ బాగుచేయించుకుని కూర్చునేసరికి నెల దాటిపోయింది. ‘అక్కా, ఇన్నాళ్లు పోయింది కదా, కథ అర్థమైందా?’ అని అడిగాను. ‘అర్థం కాకపోవడానికి ఏముందిరా! అప్పుడు ఆ పిల్ల తలుపు చాటున నిలబడి వింటోంది. ఇప్పుడు కిటికీ చాటున నిలబడి వింటోంది’ అంది.

అయితే అదే అక్క ఇంకో మాట కూడా అంది, దాన్ని కూడా వినాలి. ‘నీళ్లలో ఉన్నన్ని రోజులు సాయంత్రం ఏడున్నరకు ఆ పాట వినపడకపోతే పొద్దుపోయినట్టే అనిపించలేదురా’ అంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. మేము మాటలు రాసేటప్పుడు మాకు చెప్పేవారు, ‘వంటింట్లో ఉన్నవాళ్లకు వినపడాలి’ అని. సీరియల్ మాటలు గమనించండి. ‘అత్తయ్యా, మీ పెద్దబ్బాయి, అంటే నా భర్త, నిన్న రాత్రి మన ఫ్యాక్టరీ కాగితాలు తాకట్టు పెట్టారు’ అంటుంది కోడలు. తన పెద్దబ్బాయి ఎవరో అత్తయ్యకు తెలియదా? తెలుసు. ఆ మాట అత్తయ్య కోసం కాదు. కుక్కరు మూడో కూత మీద ఉండగా, కూర తిప్పుతూ, తెర వైపు చూడకుండా వింటున్న మీ కోసం. కళ్లు లేకుండా చెవులతో అందుకునేలా రాయడం, అది రేడియో విద్య. మన విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నాటకాలు విని పెరిగినవాళ్లం. రేడియోలో కూడా ఎవరు ఎవరో చెవికి తెలియాలి, కానీ శ్రోతకు చెప్పినట్టు తెలియకుండా తెలియాలి. ఒక తలుపు చప్పుడు, ఒక దగ్గు, ఒక్క ‘రా’ అనే పిలుపు చాలేవి. డైలీ సీరియల్‌కు అంత తీరిక లేదు, అందుకని నిలువునా చెప్పేస్తుంది.

కాబట్టి నేను మా ఇంట్లో పెట్టిన పద్ధతి చెబుతాను. చేతులకు పని ఉన్న సమయానికి ఒక కథ, చేతులు ఖాళీగా ఉన్న సమయానికి ఒక కథ. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, బట్టలు మడత పెడుతూ వినడానికి సీరియల్ మంచిదే. రోజుకు ఒక్కటి చాలు. భోజనాలయ్యాక, అందరూ కుదురుగా కూర్చునే గంట ఒకటి ఉంటుంది చూడండి, ఆ గంట మాత్రం దానికి ఇవ్వకండి. ఆ గంటకు ముగింపు ఉన్న కథ కావాలి. రెండింటినీ వేరు చేయడానికి ఒక పరీక్ష ఉంది. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. కళ్లు మూసుకున్నా ఏమీ పోలేదంటే అది పనివేళ కథ. ‘అయ్యో, ఇప్పుడేమి జరిగింది?’ అని కళ్లు తెరవవలసి వచ్చిందంటే అది కూర్చుని చూడవలసిన కథ.

ఇక నవ్వు సంగతి. ఇంతసేపూ ముగింపు, ముగింపు అన్నాను. హాస్యానికి వచ్చేసరికి ఆ మాట వర్తించదు. ఎందుకు వర్తించదు? విషాదమైనా, కుటుంబ కథ అయినా అందులో మనిషి మారాలి. మారాక కథ అయిపోవాలి. హాస్యంలో మనిషి మారకూడదు. ‘అమృతం’ తీసుకోండి. 2001 నుంచి 2007 దాకా జెమినిలో వారానికొకసారి వచ్చింది, 313 భాగాలు. అమృతరావు, ఆంజనేయులు ప్రతి వారం డబ్బు సంపాదించడానికి ఒక కొత్త ఉపాయం వేస్తారు, ప్రతి వారం బోల్తా పడతారు, మరుసటి వారం మళ్లీ హోటల్లో అక్కడే ఉంటారు. ఒక్కసారి ఆ ఉపాయం ఫలించి వాళ్లు కోటీశ్వరులైతే? కథ చచ్చిపోతుంది. ఏ భాగానికి ఆ భాగం ముగిసిపోతుంది కనుక మీరు నూట నలభయ్యోది చూసి, తర్వాత ఏడోది చూడవచ్చు. ఇప్పుడు యూట్యూబులో ఉంది, మా మనవలు అలాగే చూస్తున్నారు.

ఇందులో మరొకటి గమనించారా? అమృతం వేషం వేసినవారు మారారు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముఖం మారినా మనం చూడడం మానలేదు. ఎందుకంటే ఆ మనిషి స్వభావం కాగితం మీద గట్టిగా ఉంది. మారనిది ఆంజనేయులు, మన గుండు హనుమంతరావు గారు. ఆయన విజయవాడలో పుట్టిన మనిషి, నాటకాల్లోంచి వెళ్లినవారు, 2018లో పోయారు. ఆయన మాట వినిపించేలోపే ముఖంలో భయం ఎలా మొదలవుతుందో చూడండి. ఆ లెక్క వేదిక మీద నేర్చుకున్నది, కెమెరా ముందు నేర్చుకున్నది కాదు.

ఇంగ్లాండులో బీబీసీ వాళ్లు తీసిన ‘ఫాల్టీ టవర్స్’ అని ఒకటి ఉంది. అదీ హోటలే, అక్కడా యజమాని తనను తాను చాలా గొప్పవాణ్ణి అనుకుంటాడు. 1975లో ఆరు భాగాలు, 1979లో ఆరు భాగాలు, మొత్తం పన్నెండు. అంతే. జాన్ క్లీస్, కోనీ బూత్ ఇద్దరూ కూర్చుని రాశారు. ఆరు భాగాలకూ ఆరు భాగాలకూ మధ్య నాలుగేళ్లు. మా సీరియల్‌లో నాలుగేళ్లకు వెయ్యి భాగాలు రాయించేవారు! ఇంగ్లీషు మాట వేగం అందుకోగలిగినవారు చూడండి. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవారికి మాత్రం నేను ‘యెస్ మినిస్టర్’ చూడమని చెబుతాను. మంత్రిగారికి ఫైలు మీద ‘కాదు’ అనకుండా పని కాకుండా చూసే కార్యదర్శి కథ. దాని తరువాయి ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’తో కలిపి 38 భాగాలు. సెక్రటేరియట్‌లో పనిచేసిన మా బావగారు మొదటి భాగం చూసి, ‘వీళ్లకు మా ఆఫీసు సంగతి ఎవరు చెప్పారు?’ అన్నారు.

స్కిట్ల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ‘జబర్దస్త్’ 2013 ఫిబ్రవరిలో మొదలైంది. అందులో ఆడిన కుర్రవాళ్లలో చాలామందికి మంచి టైమింగు ఉంది, అది కాదనలేను. నాకు ఇబ్బంది ఎక్కడంటే, నవ్వవలసినది నేను అయితే, నాకంటే ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు పడిపడి నవ్వేస్తున్నారు. ఇది పాత యుక్తే. 1950లలో అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే సౌండు ఇంజనీరు నవ్వుల యంత్రం ఒకటి తయారుచేశాడు. మీట నొక్కితే చిన్న నవ్వు, ఇంకోటి నొక్కితే పెద్ద నవ్వు. దశాబ్దాలపాటు అక్కడి హాస్య కార్యక్రమాలు చాలా ఆ పెట్టె నవ్వుతోనే నడిచాయి. మన దగ్గర పెట్టె బదులు మనుషుల్ని కూర్చోబెట్టాం. కాబట్టి పరీక్ష ఏమిటి? వాళ్ల నవ్వు మనసులో తీసేయండి. తీసేశాక మాటలో ఏమైనా మిగిలిందా? మిగిలితే చూడండి.

రెండో పరీక్ష కొంచెం కష్టం. నవ్వు ఎవరి మీద? రంగు మీదా, లావు మీదా, నత్తి మీదా, ఆడవేషం వేసిన మగవాడి మీదా? ఆడవేషం అంటే గుర్తొచ్చింది. స్థానం నరసింహారావు గారు మన బాపట్లవారు. సత్యభామ వేషం వేస్తే ఆడవాళ్లు ఆయన జడ చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. స్త్రీ పాత్రలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ విద్య పుట్టిన నేల మీద ఇవాళ చీర కట్టుకున్న మగవాడు కనిపిస్తే చాలు, ఒక తిట్టు, ఒక తన్ను. ఇంట్లో పనిచేసే అమ్మాయి మీ పక్కన నేల మీద కూర్చుని చూస్తోందనుకోండి. ఆ అమ్మాయి మీద వేసిన జోకుకు ఆమె పక్కన కూర్చుని మీరు నవ్వగలరా? నవ్వలేకపోతే ఛానల్ మార్చండి. నేను ఇంతకంటే పెద్ద సూత్రం ఏదీ తయారుచేయలేకపోయాను.

ఇప్పుడు పిల్లలు ఎదురుచూస్తున్న దగ్గరకు వద్దాం, వెబ్ సిరీస్. వీటిలో నాకు నచ్చింది ఏమిటంటే, ఎన్ని భాగాలో ముందే రాసి ఉంటుంది. ‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’, 2024 జనవరిలో ఈటీవీ విన్ యాప్‌లో వచ్చింది, ఆరు భాగాలు. లెక్కల మాస్టారు, ఆయన భార్య, పిల్లలు, ఇంటి ఖర్చు, మార్కులు. ఇంతే. విలను లేడు. ఉరుములు లేవు. ఇంట్లో మూడు తరాలవాళ్లు ఒక గదిలో కూర్చుని చూడగలిగింది తెలుగులో ఈ మధ్య వచ్చిందంటే ముందుగా ఇదే చెబుతాను. ‘సేవ్ ద టైగర్స్’, 2023లో హాట్‌స్టార్‌లో వచ్చింది, మొదటి విడత ఆరు భాగాలు, ముగ్గురు భర్తల గోడు. దంపతులు చూడవచ్చు, కానీ చూసేటప్పుడు ఎవరు ఎక్కువ నవ్వుతున్నారో లెక్క పెట్టుకోకండి. ‘ధూత’, అదే ఏడాది చివర ప్రైమ్‌లో వచ్చింది, నాగచైతన్య నటించారు, ఎనిమిది భాగాలు. అది రాత్రి లైట్లు తీసేసి చూసే బాపతు.

హిందీలో ‘పంచాయత్’ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. పట్నం కుర్రవాడు పల్లెటూరి పంచాయతీ కార్యదర్శిగా వెళతాడు. దాన్నే 2025 జనవరిలో తెలుగులో ‘సివరపల్లి’గా తీశారు, ఎనిమిది భాగాలు. ఏది చూడాలి? రెండూ చూడవద్దు, ఒకటి చాలు. హిందీ బాగా వచ్చినవారు హిందీదే చూడండి, కొత్తగా పుట్టిన మాటకు ఉండే రుచి అందులో ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా కూర్చుంటారంటే తెలుగుది పెట్టండి. పల్లెటూరి అరుగు మీద కబుర్లు మన మాటల్లో వింటే వాళ్లకు కలిగే సంతోషాన్ని తెర కింద పడే సబ్‌టైటిల్ అక్షరాలు ఇవ్వలేవు. డబ్బింగు కంటే అక్షరాలు మేలు అని మా పిల్లలు వాదిస్తారు. నిజమే, నటుడి గొంతు పోదు. కానీ కంటి శుక్లాలకు ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఆ మాట చెప్పకండి.

వెబ్ సిరీస్‌లో కూడా ఒక వల ఉంది. ఎనిమిదో భాగం చివర తుపాకి పేలుతుంది, ఎవరికి తగిలిందో చూపించరు, ‘రెండో సీజన్’ అంటారు. ఏడాదిన్నర తర్వాత అది వస్తుంది, అప్పటికి తుపాకి ఎవరిదో మనం మరిచిపోతాం. అంటే డైలీ సీరియల్‌లో వారం చివర వేసే ముడినే వీళ్లు ఏడాదిన్నరకు వేస్తున్నారు. అందుకని ఏదైనా మొదలుపెట్టే ముందు, చూసినవాళ్లను ఒక్కటే అడగండి. కథ చెప్పించుకోకండి. ‘ఈ సీజన్‌లో మొదలైన గొడవ ఈ సీజన్‌లోనే తేలిందా?’ అని అడగండి. తేలిందంటే చూడండి. లేదంటే రెండోది వచ్చేదాకా ఆగండి. కథలు పాచిపోవు, అక్కడే ఉంటాయి.

పిల్లలు ఉన్న ఇళ్లకు ఒక మాట. తెర మీద మొదట్లో మూలన ఒక గుర్తు వస్తుంది, చాలామంది చూడరు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఐదు తరగతులు ఉన్నాయి. అందరికీ అయితే ‘యు’. తర్వాత ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు మెట్లు, పెద్దలకు మాత్రమే అయితే ‘ఏ’. పక్కనే ఎందుకు ఆ గుర్తు పెట్టారో, అంటే హింస, బూతు మాటలు, అలాంటివి కూడా రాస్తారు. పదమూడేళ్ల మెట్టు నుంచి పైవాటికి తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని నియమం. ఆ తాళం అంకెలు మీ పుట్టిన సంవత్సరం పెట్టుకోకండి, పిల్లలు మొదట ప్రయత్నించేది అదే. తాతగారు, మనవడు కలిసి చూడడానికి ఏమైనా చెప్పమంటే, నేను ఇప్పటికీ ‘మాల్గుడి డేస్’ దగ్గరకే వెళతాను. ఆర్.కె. నారాయణ్ కథలు, శంకర్ నాగ్ దర్శకత్వం, కర్ణాటకలోని ఆగుంబెలో తీశారు. చాలా కథలు ఒక్క భాగంలో అయిపోతాయి. అన్నం తినేలోపు ఒకటి.

వెనక నుంచి ఎవరో అమ్మాయి కొరియా నాటకాల గురించి అంటోంది. వాటి మాట నేను మరిచిపోలేదమ్మా. వాటిలో చాలావాటికి పదహారు భాగాలు, ఒక్కొక్కటి గంట, కథ అక్కడితో పూర్తి. రోజుకొకటి చూస్తే రెండు వారాల చిల్లర. పెద్దల మాటకు తల వంచడం, అన్నం తిన్నావా అని అడగడం, అత్తగారి కవరులో డబ్బులు, ఇవన్నీ చూస్తే మన పక్క వీధిలో జరిగినట్టే ఉంటుంది. కొన్నిటికి తెలుగు మాటలు కూడా పెట్టారు. నా ఫిర్యాదు ఒక్కటే. పన్నెండో భాగం నుంచి పద్నాలుగో భాగం దాకా ఇద్దరూ విడిపోయి వానలో నడుస్తూ ఉంటారు. ఆ మూడు గంటల్లో మీరు చదువుకోండి.

చీటీ ఒకటి వచ్చింది. చదువుతాను. ‘మా అత్తగారికి సీరియల్ కావాలి, నాకు సిరీస్ కావాలి. ఉన్నది ఒక్క టీవీ. ఏమి చేయాలి?’ పేరు రాయలేదు. మంచి పని చేశావమ్మా, అత్తగారు కూడా ఈ సభలో ఉన్నారేమో తెలియదు కదా. సీరియల్‌ను ఫోనులో చూసుకోమని ఆవిడతో అనకు. ఫోనులో అదే కథ ఉంటుంది, కానీ ఏడున్నర గంట ఉండదు. ఆవిడకు కావలసింది ఆ ఏడున్నర. ఆ అరగంట ఆవిడకు వదిలెయ్యి, నువ్వు ఆ సమయంలో కూరగాయలు తరుక్కుంటూ విను, కథ ఎలాగూ వంటింట్లోకి వస్తుందని చెప్పాను. శనివారం రాత్రి భోజనాలయ్యాక మాత్రం రిమోటు నీది. మొదటి శనివారం హత్యలు, పోలీసులు పెట్టకు. ‘90స్’ మొదటి భాగం పెట్టు. ఆ లెక్కల మాస్టారి ఇంట్లో రూపాయి రూపాయి ఎలా కూడబెడతారో చూస్తే, రెండో భాగం ఎప్పుడు అని ఆవిడే అడుగుతారు. మొత్తం ఆరే అని ఆవిడకు ముందే చెప్పు. ‘ఆరేనా!’ అంటారు.

ఇంకో చీటీ ఉందా? ఇలా ఇవ్వండి.